పొడుపు సరే, విడుపేదీ?

కడప,
ఆదివారం మధ్యాహ్నం

నాయనా,

పుస్తకం అందింది. రెండు రాత్రుల్లో చదివేశాను. అప్పుల్లోంచి ఎలా బయటపడాలో చెప్పే పుస్తకాలు చాలామటుకు ఎన్నడూ అప్పు చేయనివాళ్లు రాసినట్టుంటాయి. నీది అలా లేదు. నాలుగో అధ్యాయంలో మూడేళ్లకోసారి ప్రామిసరీ నోటు తిరగరాసే సంగతి చదువుతుంటే మా నాయన సంతకం పెట్టిన నోట్లు గుర్తొచ్చి కాసేపు పుస్తకం మూసి కూర్చున్నాను.

అయితే నువ్వు అడిగింది దాని గురించి కాదు కదా. "పోస్టులకు లైకులు వస్తున్నాయి సార్, పుస్తకమే కదలడం లేదు. సస్పెన్స్ ఇంకొంచెం పెంచమంటారా?" అని అడిగావు. పంపిన స్క్రీన్‌షాట్లన్నీ చూశాను. పెంచొద్దు. ఉన్నదే ఎక్కువైంది.

"ఈ ఒక్క రహస్యం తెలిస్తే మీ జీవితమే మారిపోతుంది!" "ధనవంతులు మీకు ఎప్పటికీ చెప్పని నిజం ఏంటో తెలుసా?" "47వ పేజీ చదివాక మీకు నిద్ర పట్టదు." ఇవీ నీ పోస్టులు. పుస్తకం పేరు తీసేసి జుట్టు నూనె పేరు పెట్టినా వీటిలో ఒక్క అక్షరం మార్చక్కర్లేదు (47వ పేజీని మాత్రం 47వ రోజు చేయాలి). నీ పుస్తకంలో ఉన్న మనుషులు, అంగళ్లు, వడ్డీ లెక్కలు ఒక్కటీ ఈ పోస్టుల్లో లేవు.

నవ్వుతున్నానని అనుకోకు. నేనూ ఈ పని చేసినవాణ్ణే. నా మూడో పుస్తకం వచ్చే సమయానికి ఫేస్‌బుక్ నాకు కొత్త. "జనాన్ని ముందు ఊరించాలి సార్" అని ఎవరో చెబితే, "ఇన్నేళ్లుగా మీ అందరి దగ్గరా దాచిన విషయం ఒకటి ఆదివారం బయటపెడుతున్నాను" అని రాసి, ఫోన్ పక్కన పెట్టి పడుకున్నాను. లేచేసరికి ఇరవై మిస్డ్ కాల్స్. రాజంపేట నుంచి మా చెల్లెలు ఏడుస్తూ, "రిపోర్టుల్లో ఏమొచ్చింది అన్నా?" అంది. ఆ నెలలోనే నేను గుండె పరీక్షలు చేయించుకున్న సంగతి దానికి తెలుసు. ఆదివారం పుస్తకం అట్ట ఫోటో పెట్టాను. లైకులకేం, బాగానే వచ్చాయి. వారం తర్వాత ఏడురోడ్ల దగ్గర కనబడిన పాత స్నేహితుడు ఒకడు మాత్రం, "ఇంగ నువ్వు సచ్చినావని చెప్పినా నేను నమ్మనప్పా, పుస్తకమొచ్చిందేమో అనుకుంటా" అన్నాడు. ఆ పుస్తకం వాడు ఇప్పటికీ కొనలేదు.

ఊరించడం తప్పని అనను. మనవాళ్లకు అది పుట్టుకతో వచ్చిన విద్య. చిన్నప్పుడు మా అవ్వ అన్నాలు తినేటప్పుడు పొడుపు కథలు వేసేది. "అమ్మ కడుపున పడ్డాను, అంత సుఖాన ఉన్నాను, నీచే దెబ్బలు తిన్నాను, నిలువునా ఎండిపోయాను, నిప్పుల గుండం తొక్కాను, గుప్పెడు బూడిదైనాను, ఎవర్ని?" మేం తలలు పట్టుకునేవాళ్లం. కంచంలో అన్నం అయిపోయేది. చివరికి అవ్వ విప్పేది: పిడక! ఆ మాట వినగానే పేడ, గోడ మీద చరచడం, ఎండ, పొయ్యి అన్నీ వరసగా కళ్ల ముందు తిరిగి, "అరె, ఇదా" అనిపించేది. మరుసటి రాత్రి ఇంకోటి వేయమని మేమే వెంటపడేవాళ్లం. అవ్వ ఏనాడూ విడుపు చెప్పకుండా లేచి పోలేదు. విడుపుకు ఖరీదు కట్టి, "పది పైసలిస్తే చెప్తా" అని ఉంటే మరుసటి రోజు మా అరుగు మీద ఒక్కడూ కూర్చునేవాడు కాదు.

ఇదే పొడుపు కథ మొన్న నా మనవరాలికి వేశాను. రెండు క్షణాలు చూసి, "తెలీదు తాతా" అని ఫోన్‌లోకి వెళ్లిపోయింది. తప్పు దానిది కాదు. అది పుట్టి పెరిగింది అపార్ట్‌మెంటులో, పిడక ఎలా ఉంటుందో దానికి తెలీదు. 1994లో జార్జ్ లోవెన్‌స్టీన్ అనే అమెరికా పరిశోధకుడు కుతూహలం మీద ఒక పెద్ద వ్యాసం రాశాడు. మనకు తెలిసిన దానికీ, తెలుసుకోవాలనుకునే దానికీ నడుమ ఖాళీ కనబడినప్పుడు పుట్టే వెలితే కుతూహలం అంటాడు. ఖాళీ కనబడాలంటే దాని చుట్టూ ఉన్నది కొంచెమైనా తెలిసి ఉండాలి. ఏమీ తెలియని చోట ఖాళీ కూడా కనబడదు. మా మనవరాలికి జరిగింది అదే. నీ "ఒక్క రహస్యం" చూసిన పాఠకుడికి జరుగుతున్నదీ అదే. దేని గురించిన రహస్యమో తెలియందే మనిషి ఎందుకు ఆగుతాడు? అలవాటుగా లైకు నొక్కి పోతాడు.

మన వేమన్న ఈ కిటుకు ఎప్పుడో పట్టాడు. ఉప్పూ కప్పురమూ చూడ్డానికి ఒకేలా ఉంటాయని మొదలుపెడతాడు. రెండూ ఇంట్లో ఉన్నవే, రోజూ చూసేవే. అయితే ఏంటంట అని మనం అనుకునేలోపు రుచి వేరని రెండో పాదం, మనుషుల్లో కూడా అంతేనని మూడో పాదం. పద్యం అయ్యేలోపు విడుపు వచ్చేస్తుంది. వచ్చే వారం చెప్తానని ఆపడు. బ్రౌన్ దొర 1829లో అచ్చువేయించక ముందే ఆ పద్యాలు ఇంతమంది నోళ్లలో నిలిచాయంటే అందులో ఈ పనితనం వాటా ఎంతో ఆలోచించు.

సరే, నీ పుస్తకంలోకి వద్దాం. నాలుగో అధ్యాయంలో నువ్వే వేసిన లెక్క ఉంది. దాన్ని పోస్టు చేస్తే ఇలా ఉంటుంది:

"మా ఊర్లో ఒకాయన నూటికి రెండు రూపాయల వడ్డీకి లక్ష తెచ్చాడు. ఆ తర్వాత ఒక్క రూపాయి కొత్త అప్పు తేలేదు. ఆరేళ్లకు చూస్తే బాకీ 2,95,840. వేలి మీద లెక్కేస్తే 2,44,000 రావాలి. మిగతా 51,840 ఎక్కడ పుట్టింది?"

రాయలసీమలో ఈ నాలుగు ముక్కలు చదివి ఆగనివాడు ఉంటాడా? నూటికి రెండంటే ఏమిటో ప్రతివాడికీ తెలుసు. నెలకు రెండు వేలు, ఏడాదికి ఇరవై నాలుగు వేలు, ఆరేళ్లకు లక్షా నలభై నాలుగు వేలు, అసలుతో కలిపి 2,44,000. ఇంతవరకూ వాడే చేసుకుంటాడు. యాభై ఒక్క వేల దగ్గర చిక్కుకుంటాడు. అది వాడు విప్పగలిగిన ముడే, కొంచెం ఆలోచించాలి, అంతే. విడుపు కూడా అదే పోస్టులో కింద రాసెయ్యి. మూడేళ్లు దాటితే నోటుకు కాలదోషం పడుతుంది, అంటే కోర్టుకెళ్లినా చెల్లదు, కాబట్టి తిరగరాయించుకుంటారు. ఆ రోజు 72,000 వడ్డీని అసలులో కలిపి 1,72,000కు కొత్త నోటు రాయించారు. అక్కణ్ణుంచి వడ్డీ మీద వడ్డీ నడిచింది.

ఇంకొకటి ఏడో అధ్యాయంలో ఉంది. నూటికి మూడు రూపాయల వడ్డీ అంటే ఊర్లో గుండె మీద చేయి వేసుకుంటాం. అదే క్రెడిట్ కార్డు బిల్లులో కనీస మొత్తం మాత్రం కట్టి మిగతాది వదిలేస్తే, చాలా కార్డుల మీద నెలకు మూడు నుంచి మూడున్నర రూపాయల దాకా పడుతుంది. "నూటికి మూడున్నర వడ్డీకి మీరు ఎప్పుడైనా అప్పు చేశారా? చేయలేదని అనేముందు మీ పర్సు తెరిచి చూడండి." ఇంత చాలు. ఆశ్చర్యార్థకాలు వద్దు.

నువ్వు ఇక్కడ ఒక మాట అంటావని నాకు తెలుసు. "జవాబు పోస్టులోనే ఇచ్చేస్తే ఇంక పుస్తకం ఎవరు కొంటారు సార్?" నీ భయమంతా ఇదే. ఆలోచించు. 51,840 ఎలా పుట్టిందో తెలుసుకున్న మనిషికి ఆ క్షణంలో తన ఇంట్లో ఉన్న నోటు గుర్తొస్తుంది. నోటు తిరగరాసే రోజు దగ్గర పడుతోంది, ఇప్పుడు నేనేం చేయాలి? వడ్డీ వరకైనా కట్టి అసలును అలాగే ఉంచమని షావుకారిని అడగొచ్చా? ఎలా అడగాలి? ఆయన ఒప్పుకోకపోతే? బ్యాంకులో బంగారం కుదువ పెట్టి ఈ నోటు తీర్చడం లాభమా, నష్టమా? ఈ ప్రశ్నలు వాడికి నువ్వు అంటించినవి కావు, వాడి ఇంట్లోవే. వీటికి జవాబు నాలుగు ముక్కల్లో రాదు, నీ పుస్తకంలో నలభై పేజీలు పట్టింది. పోస్టు కింద "నోటు తిరగరాసే రోజు ఏం మాట్లాడాలో నాలుగో అధ్యాయంలో రాశాను" అని ఒక్క వాక్యం పెట్టు. కొనేవాడు కొంటాడు. కొననివాడికి కూడా ఒక లెక్క తెలిసింది. వాడు ఆ లెక్కను వాళ్ల బావకు చెప్తాడు. ఎక్కడ చదివావని బావ అడుగుతాడు.

పైగా నీది కథల పుస్తకం కూడా కాదు. నా కథలో చివర ఏమైందో దాచితే పాఠకుడు కాసేపు తిట్టుకుంటాడు, అంతే. నీ పోస్టు చదివేవాళ్లలో రేపు కంతు కట్టాల్సినవాడు ఉంటాడు. వాడి ముందు నీళ్ల చెంబు ఊపి వెనక్కి తీసుకోకు.

వారపత్రికల్లో సీరియల్ చివర "సశేషం" అని వేసేవాళ్లు. నేనూ ఒకప్పుడు రాశాను. ఆ మాట పనిచేసిందంటే, వచ్చే వారం అదే రోజున పత్రిక బస్టాండు అంగట్లో తప్పకుండా వేలాడేది కాబట్టి. "రేపు చెప్తా" అని రాస్తే రేపు చెప్పు. నువ్వు పోయిన నెల "రెండో భాగం త్వరలో" అని పెట్టిన పోస్టు కింద ముగ్గురు "ఎప్పుడు అన్నా" అని అడిగారు. రెండో భాగం ఇంకా రాలేదు. ఆ ముగ్గురూ కొనాల్సినవాళ్లే.

ఇంక ఫోన్ సంగతులు. నాకంటే నీకే ఎక్కువ తెలుసు కాబట్టి త్వరగా చెప్పేస్తాను. ఫేస్‌బుక్‌లో పైన రెండు మూడు లైన్లే కనబడతాయి, మిగతాది నొక్కితేనే. కాబట్టి 2,95,840 ఆ లైన్లలోనే ఉండాలి. నీ పోస్టుల్లో మొదటి రెండు లైన్లూ "అందరికీ నమస్కారం, ఎలా ఉన్నారు" తోనే అయిపోతున్నాయి. విషయం దాచే శీర్షికల్నీ, లేనిపోని గొప్పలు చెప్పే శీర్షికల్నీ వెనక్కి నెడతామని ఫేస్‌బుక్ 2016లోనే ప్రకటించింది. మరుసటి ఏడాది "లైక్ కొట్టండి, ముగ్గురిని ట్యాగ్ చేయండి" తరహా పోస్టులకూ అదే గతి అంది. ఆ లెక్కన నీ ట్యాగుల పోటీ నీకే ఎదురు తిరుగుతుంది. వాట్సాప్ స్టేటస్ ఇరవై నాలుగు గంటలే ఉంటుంది, అదీ ఇద్దరి ఫోన్లలో ఒకరి నంబరు ఒకరికి సేవ్ అయి ఉంటేనే కనబడుతుంది. పొడుపు పొద్దున పెడితే విడుపు ఆ రాత్రికే పెట్టు. మన ప్రొద్దుటూరు, కడప జనం ఫేస్‌బుక్ కంటే స్టేటస్సే ఎక్కువ చూస్తారని నాకనిపిస్తుంది.

ఒక్కటి మాత్రం గట్టిగా చెప్తున్నాను. "మీకు ఎంత అప్పుందో కామెంట్లో చెప్పండి" అని అడిగావు చూడు, దాన్ని ఈ ఉత్తరం చదవడం అవ్వగానే తీసెయ్యి. చిన్న ఊళ్లలో అప్పు పరువుతో ముడిపడిన విషయం. ఆడపిల్ల పెళ్లి సంబంధం చూస్తున్న తండ్రి నీ పోస్టు కింద అంకె రాస్తే దాన్ని ఎవరెవరు చదువుతారో నీకు తెలుసా? ఇన్‌స్టాగ్రామ్ స్టోరీలో పోల్ పెట్టినా ఎవరు ఏది నొక్కారో నీకు కనబడుతుంది, ఆ సంగతి నొక్కినవాళ్లలో చాలామందికి తెలీదు. ఇంకో ప్రమాదం కూడా ఉంది. అప్పు గురించి పోస్టు పెడితే కింద "అర్జెంట్ లోన్ కావాలా, ఆధార్ చాలు" అనేవాళ్లు ఈగల్లా వాలతారు. నీ పోస్టు చూడబోతే అప్పులవాళ్లందర్నీ ఒకచోట కూర్చోబెట్టి వాళ్లకు అప్పగించినట్టుంది. రోజుకు రెండుసార్లు కామెంట్లు చూసి వాటిని తీసేసే ఓపిక లేకపోతే కామెంట్లే ఆపెయ్యి.

"మూడు నెలల్లో అప్పులు మాయం" అన్నది కూడా తీసెయ్యి. నీ పుస్తకంలోనే ఎక్కడా అలా లేదు. 2019 వినియోగదారుల చట్టం కింద తప్పుదోవ పట్టించే ప్రకటనకు పది లక్షల దాకా జరిమానా వేయొచ్చు. నిన్ను ఎవరూ పట్టుకోరులే, కానీ ఆ మాట నమ్మి కొన్నవాడు నాలుగో నెలలో నీ గురించి ఏమనుకుంటాడో అది చూసుకో. రీల్స్ చేసే అమ్మాయికి పుస్తకం ఉచితంగా పంపి మాట్లాడించబోతున్నానన్నావు. పంపు. ఉచితంగా వచ్చిందన్న సంగతి వీడియోలో చెప్పమను. ప్రకటనలు ఎలా ఉండాలో నియమాలు పెట్టే ప్రకటనల మండలి (ASCI) 2021 నుంచీ అడుగుతున్నది అదే.

చివరగా మీ అమ్మ గొలుసు. ముందుమాటలో ఒక్క పేరాలో చెప్పి దాటేశావు. "మూడేళ్లు మా అమ్మ మెడలో ఉన్న గొలుసు గిల్టుది. ఆ సంగతి మా నాన్నకు తెలీదు." పుస్తకం మొత్తంలో నన్ను కుర్చీలోంచి లేపిన వాక్యం ఇది. అది పోస్టుగా పెడితే పుస్తకం కదులుతుందని నాకు నమ్మకం ఉంది. అయితే పుస్తకంలో రాయడానికి ఆమె ఒప్పుకున్నదీ, బంగారు అంగళ్ల బజారంతా వాట్సాప్‌లో చూడటానికి ఒప్పుకునేదీ ఒకటి కాదు. పోస్టు రాశాక ముందు ఆమెకు చదివి వినిపించు. వద్దంటే ఇంక అడగొద్దు, నోటు లెక్కతోనే నడిపించు.

వచ్చే గురువారం ప్రొద్దుటూరులో పెళ్లికి వస్తున్నాను. పది కాపీలు విడిగా కట్టి పెట్టు, డబ్బు ఇచ్చే తీసుకుంటాను. మా చెల్లెలు కూడా వస్తుంది. ఒక కాపీ దానికి. అట్ట ఫోటో మాత్రం ముందుగా దానికి పంపకు.

ఆశీస్సులతో,
మీ సార్