ప్లాన్ కంటే ముందు ఇల్లు చూడు అల్లుడూ

చిరంజీవి అల్లుడికి, ప్రొద్దుటూరు నుంచి మామ ఆశీర్వదించి రాసేది.

కడపలో ఎర్రముక్కపల్లె పక్క ఇల్లు కుదిరిందనీ, పిల్లోడి ఆటలకూ అమ్మాయి చూసే సినిమాలకూ కలిపి ఏ డేటా ప్లాన్ వేయించాలనీ అడిగినావు. టెలిఫోన్ల శాఖలో లైన్లు చూసుకుంటూ బతికినవాణ్ణి, నాకు తెలిసింది రాస్తున్నా. ఏ కంపెనీ మంచిదని ఎవరినీ అడగొద్దు. నీ ఇంట్లో, పిల్లోడు కూర్చునే గదిలో, రాత్రి ఎనిమిదింటికి ఏది నిలకడగా వస్తే అదే మంచిది.

ఆటకు డేటా పెద్దగా కాదు. పబ్జీ లాంటిది గంట ఆడినా వంద ఎంబీ, అటూ ఇటూ. కొత్త అప్‌డేట్ వచ్చినప్పుడే జీబీలు ఖర్చవుతాయి. దానికి కావాల్సింది పింగ్ బాగుండడం. అంటే వాడు నొక్కింది సర్వరుకు పోయి, జవాబు తిరిగొచ్చేదాకా పట్టే సమయం. ఆటలోనే తెర మూలన మిల్లీసెకన్లలో చూపిస్తుంది. 50 లోపల ఉంటే హాయిగా ఆడుకోవచ్చు. 100 దాటితే ల్యాగ్ తెలుస్తుంది, అంటే వాడు నొక్కినాక ఆట ఆలస్యంగా కదులుతుంది. 40 నుంచి ఉన్నట్టుండి 300కు ఎగిరి దిగే లైను కంటే, ఎప్పుడూ 80 దగ్గరే ఉండేది ఎంతో మేలు. ఈ ఎగుడుదిగుడు పెద్ద ప్లాన్ వేయించినంత మాత్రాన పోదు.

సినిమాలది వేరే లెక్క. అవి ముందుగానే కొంత దించుకుని ఆడతాయి కాబట్టి పింగ్‌తో పనిలేదు, డేటా మాత్రం మింగేస్తాయి. నెట్‌ఫ్లిక్స్ చెప్పే లెక్కలో గంటకు మామూలు బొమ్మకు 1 జీబీ వరకు, హెచ్‌డీకి 3, 4కేకు 7. రోజుకు 2 జీబీ ప్లాన్‌ను హాట్‌స్పాట్ పెట్టి టీవీకి కలిపితే హెచ్‌డీలో 40 నిమిషాలకే ఖాళీ. ఆ తర్వాత స్పీడు 64 కేబీపీఎస్‌కు పడిపోతుంది, అందులో ఏదీ ఆడదు. రోజూ నాలుగు గంటలు హెచ్‌డీ చూస్తే నెలకు 360 జీబీ. ఏ రోజువారీ కోటాకూ అందే లెక్క కాదిది.

5జీ అన్‌లిమిటెడ్ ఉంది గదా అంటావు. 2024 జూలైలో రేట్లు పెంచినప్పటి నుంచి జియో, ఎయిర్‌టెల్ దాన్ని సాధారణంగా రోజుకు 2 జీబీ, ఆపైన ఉండే ప్లాన్లకే ఇస్తున్నాయి. అదీ ఫోన్ 5జీ మీద ఉన్నంతసేపే. మన పక్క పాత ఇండ్లకు రాతిగోడలు. 5జీ ఎక్కువగా నడిచే 3300 మెగాహెర్ట్జ్ తరంగాలు అంత మందం గోడ దూరి రావడం కష్టం. మిద్దెపైన సిగ్నల్ గుర్తులు నిండుగా ఉంటాయి, పడసాలలోకి దిగితే 4జీ అవుతుంది. అప్పుడు రోజు కోటా కరగడం మొదలు.

అందుకే ముందు పరీక్ష చెయ్. ఇరుగుపొరుగు వాళ్లను కాసేపు ఫోన్లు అడిగి తీసుకో, తలా ఒక కంపెనీది. వాటి హాట్‌స్పాట్ మీద ఆ గదిలోనే రాత్రి ఏడు, పది మధ్య పిల్లోణ్ణి ఆడించి పింగ్ రాసుకో. మధ్యాహ్నం చూస్తే ఏం తెలీదు. టవర్ ఒకటే, సాయంత్రం వీధంతా దాన్నే పంచుకుంటుంది, క్రికెట్ ఉన్న రోజైతే మరీనూ.

నా మాట వింటే, మీ వీధికి ఫైబర్ వచ్చి ఉంటే అదే వేయించు. టీవీ, ఆట రెండూ దాని మీదే పెట్టి, ఆట ఆడే కంప్యూటర్‌కు వైఫై కాకుండా ల్యాన్ వైరు లాగించు. ఫోన్లకు చిన్న ప్లాన్ చాలు. ఫైబర్ లేకపోతే ఎయిర్‌ఫైబర్ చూడు, అది వీధిలో తీగ లేకుండా టవర్ సిగ్నల్‌తోనే ఇంటికి నెట్ ఇచ్చేది. మిద్దెపైన పెట్టె బిగించి వైరు కిందికి దించుతారు కాబట్టి రాతిగోడ గొడవ తప్పుతుంది. కానీ నెలకు ఇన్ని జీబీలనే పరిమితి ఉంటుంది, మీ 360కి సరిపోతుందో లేదో అడుగు.

ప్లాన్‌తో ఓటీటీ ఉచితమంటే మురిసిపోవద్దు. చాలావాటిలో ఫోన్ వరకే, టీవీలో ఆడదు. 28 రోజులదైతే ఏడాదికి 13 రీఛార్జులు అవుతాయి, నెలకొకటి అనుకోవద్దు. అయినా కొత్త ఇల్లు కాబట్టి మొదట 28 రోజులదే వెయ్యి. కుదిరిందంటే తర్వాత 84. సిమ్ పోర్ట్ చేసినాక, అంటే అదే నంబరుతో కంపెనీ మారినాక, 90 రోజులు మళ్లీ మారడానికి లేదు, అందుకే పరీక్ష అయ్యేదాకా పోర్ట్ కోసం 1900కు మెసేజ్ పెట్టొద్దు.

పింగ్ రాసుకున్న కాగితం ఫొటో తీసి పంపు, చూసి చెబుతా. ఫైబర్ వాళ్లు వచ్చే రోజు ముందే చెబితే కడపకు నేనే వస్తా, రూటర్ ఎక్కడ పెట్టాలో నా ఎదురుగానే పెట్టించుకుందాం.

మీ మామ