స్పోర్ట్స్ కారు సరే, ఎమర్జెన్సీ ఫండ్ ఏదండీ?

ప్రశ్న: మాది భీమవరం. వయసు 31. రొయ్యల ప్రాసెసింగ్ కంపెనీలో క్వాలిటీ విభాగంలో చేస్తున్నాను. చేతికి 82 వేలు వస్తుంది. ఇంటి ఖర్చు 48 వేలు, 5 లక్షల చీటీకి నెలకు 10 వేలు. భార్య, మూడేళ్ల పాప. నాన్నగారు నాలుగెకరాల చెరువు లీజుకు తీసుకుని వనామి రొయ్య వేస్తున్నారు. నాకు చిన్నప్పటి నుంచి స్పోర్ట్స్ కారంటే పిచ్చి. బెంగళూరులో 2013 మోడల్ ఆడి టీటీ 16.5 లక్షలకు దొరికింది, బ్రోకర్‌కు 25 వేలు టోకెన్ ఇచ్చాను. ఇప్పుడు కంపెనీ బస్సులో వెళ్తున్నాను. ఇకపై రోజూ రానూపోనూ 80 కిలోమీటర్లు ఈ కారులోనే తిరుగుతాను, ఏడాదికి మూడు నాలుగు సార్లు చెన్నై, కోయంబత్తూరు ట్రాక్ డేలకు (సొంత కారును రేస్ ట్రాక్ మీద తిప్పుకోనిచ్చే రోజులు) తీసుకెళ్తాను. కారు పాతదని బ్యాంకు లోను ఇవ్వనంది. ఎఫ్‌డీ 4 లక్షలు తీసేసి, ఇంట్లో బంగారం మీద 7 లక్షలు, తెలిసినవాళ్ల దగ్గర రూపాయిన్నర వడ్డీకి నోటు రాసి 5.5 లక్షలు తీసుకుందామనుకుంటున్నాను. రెండేళ్లు వాడి ఇంచుమించు అదే రేటుకు అమ్మేయొచ్చంటున్నారు. కొనమంటారా, వేరే మోడల్ చూడమంటారా?

జవాబు: మోడల్ సంగతి తర్వాత చూద్దాం. కారు పేరు మార్చి ఆ చోట గృహప్రవేశమో, చెల్లి పెళ్లిలో పెట్టుపోతలో, కొత్త బుల్లెట్టో పెడితే ఇదే ఉత్తరం నాకు పాలకొల్లు నుంచి, అమలాపురం నుంచి, తణుకు నుంచి వస్తూనే ఉంటుంది. అందరినీ నేను అడిగేది ఒకటే, రేపు జీతం ఆగితే ఇల్లు దేంతో నడుస్తుందని. అందరూ చెప్పేదీ ఒకటే. బంగారం ఉంది కదండీ, చీటీ పాడుకోవచ్చు కదండీ, చెరువు పట్టుబడి డబ్బు వస్తుంది కదండీ. మీరైతే ఇంకో అడుగు ముందుకేశారు. ఎఫ్‌డీ ఖాళీ, బంగారం బ్యాంకు లాకర్లో, పైన ఒక ప్రోనోటు. కష్టమొస్తే పరిగెత్తాల్సిన తలుపులన్నీ కష్టం రాకముందే, ఒక కారు కోసం మీరే మూసేస్తున్నారు.

మీ ఇంట్లో రెండు ఆదాయాలు ఉన్నట్టు రాశారు. నాకైతే ఒక్కటే కనిపిస్తోంది. నాన్నగారు పెంచేది రొయ్య, మీ కంపెనీ ఎగుమతి చేసేదీ రొయ్యే. 2025 ఆగస్టులో అమెరికా మన సరుకు మీద సుంకాన్ని 50 శాతానికి తీసుకెళ్లినప్పుడు చెరువు గట్టు మీద కౌంట్ రేటు (కిలోకు ఎన్ని రొయ్యలు తూగుతాయో దాన్ని బట్టి ఇచ్చే ధర) ఎలా పడిందో నాన్నగారిని అడగండి, ఆ నెలలో మీ కంపెనీలో ఏం మాట్లాడుకున్నారో మీకే తెలుసు. ఇక తెల్లమచ్చ తెగులు వస్తే చెప్పేదేముంది, రాత్రికి రాత్రి పట్టుబడి పట్టేసి ఎదగని చిన్న రొయ్యను వచ్చిన రేటుకు తోసేయడమే. మేత డీలర్ బాకీ, కరెంటు బిల్లు, లీజు మాత్రం అలాగే నిలబడి ఉంటాయి. ఆయనకు కష్టమొచ్చిన నెలలోనే మీకూ రావడానికి అవకాశం ఎక్కువ, అప్పుడు ఆయన చూసేది మీ వైపే. వేర్వేరు రంగాల్లో ఇద్దరు సంపాదించే ఇంటికి నేను ఆరు నెలల ఖర్చు పక్కన పెట్టమంటాను. మీకు తొమ్మిది నెలలు. అంటే 48 వేల చొప్పున 4 లక్షల 32 వేలు. మీ ఎఫ్‌డీ ఎంత? 4 లక్షలు. అది డౌన్ పేమెంట్ కాదండీ, ఉన్న ఒక్క ఎమర్జెన్సీ ఫండ్ అదే, దానికీ ఇంకో 32 వేలు బాకీ ఉన్నారు.

ఇప్పుడు నెలవారీ లెక్క. 82 వేల నుంచి ఖర్చూ చీటీ పోగా 24 వేలు మిగులుతోంది. రూపాయిన్నర అంటే వినడానికి చిన్నగా ఉంటుంది, ఏడాదికి 18 శాతం అది, 5.5 లక్షల మీద నెలకు 8,250. బంగారం లోను 10 శాతం అనుకున్నా 7 లక్షలకు నెలకు 5,800 పైన. వడ్డీలే 14 వేలు, అసలులో రూపాయి తగ్గలేదు. పెట్రోల్ చూద్దాం. నెలకు 25 రోజులు, 2,000 కిలోమీటర్లు. టర్బో పెట్రోల్ ఇంజిన్, మన రోడ్ల మీద లీటరుకు 11 ఇచ్చిందనుకుని లీటరు 110 చొప్పున వేస్తే 20 వేలు. ఇప్పుడు కంపెనీ బస్సుకు మీరు పెడుతున్నది సున్నా. మొత్తం 34 వేలు, మీ దగ్గర మిగిలేది 24. టైరు కొనక ముందే, ఇన్సూరెన్స్ కట్టక ముందే, సర్వీసుకు విజయవాడ దాకా తీసుకెళ్లక ముందే నెలకు 10 వేలు లోటు. ఆ లోటు క్రెడిట్ కార్డు మీదకు పోతుంది. ఎక్కడికి పోతుందో ఎన్నో ఇళ్లలో చూశాను కాబట్టే చెబుతున్నాను.

బంగారం లోను ఇంకో తిరకాసు. నెలనెలా ఏమీ కట్టక్కర్లేదు, హాయిగా ఉంటుందని అందరూ తీసుకుంటారు. ఏడాది తిరిగేసరికి అసలూ వడ్డీ కలిపి ఒకేసారి కట్టాలి, లేదంటే వడ్డీ కట్టి తిరగరాయించుకోవాలి. నెలకు 10 వేలు లోటున్న మనిషి 7 లక్షలు ఎక్కడ నుంచి తెస్తాడు? తిరగరాస్తూ పోతాడు, అదీ కుదరని ఏడాది వేలం నోటీసు వస్తుంది. అందులో మీ అమ్మగారి గాజులు కూడా ఉన్నాయో లేదో మీరు రాయలేదు, ఉంటే ఆవిడకు ఈ కాగితం చదివి వినిపించండి. ప్రోనోటు సంగతి మరీ దారుణం. మూడేళ్లకోసారి తిరగరాయాలి, ఇచ్చినవాళ్లు తెలిసినవాళ్లు కాబట్టి ప్రతి పెళ్లిలో, ప్రతి పండక్కీ ఎదురుపడతారు. బ్యాంకు ఎందుకు ఇవ్వనందో ఆలోచించారా? 2013లో రిజిస్టరైన కారు ఆర్సీ 15 ఏళ్లకు, అంటే 2028లో ముగిసిపోతుంది, తర్వాత ఫిట్‌నెస్ చేయించి రెన్యువల్ చేయించుకోవాలి. అలాంటి బండి మీద అప్పు ఇవ్వకూడదని అప్పులిచ్చి బతికేవాడే అనుకున్నాడు. మీరు మాత్రం ఇంకెవరో ఇస్తారా అని ఊరంతా వెతుకుతున్నారు.

ఇక ట్రాక్. శ్రీపెరంబుదూరు దగ్గర ఇరుంగాట్టుకోట్టై సర్క్యూట్, కోయంబత్తూరు కరి స్పీడ్‌వే, రెండూ మంచివే, అక్కడికి వెళ్లాలన్న కోరికను నేను తప్పు పట్టను. నడిరోడ్డు మీద కాలేజీ కుర్రాళ్ల మధ్య వేగం చూపించడం కంటే అది వెయ్యి రెట్లు నయం. కానీ మీ మోటారు పాలసీ కాగితం తీసి, ‘వాడకానికి పరిమితులు’ అన్న చోట ఏముందో చదవండి. అద్దెకు తిప్పడం, సరుకు మోయడం, ఆ వెంటనే ఆర్గనైజ్డ్ రేసింగ్, పేస్ మేకింగ్, స్పీడ్ టెస్టింగ్, రిలయబిలిటీ ట్రయల్స్. వీటికి పాలసీ వర్తించదు. మేం చేసేది రేస్ కాదండీ, సరదాగా నాలుగు రౌండ్లు అంటారా, క్లెయిమ్ రోజున ఆ వాదన సర్వేయర్ దగ్గర పెట్టి చూడండి. దెబ్బతిన్న బండిని హైవే మీదకు తోసి అక్కడే ప్రమాదం జరిగిందని చెప్పే మహానుభావులు ఉన్నారు, అది మోసం, దొరికితే కేసు. పర్సనల్ యాక్సిడెంట్ పాలసీల్లోనూ చాలావాటిలో మోటార్ రేసింగ్ మినహాయింపు ఉంటుంది, మీదీ ఉంటే తీసి చూడండి. పైగా లోపలికి వెళ్లే ముందు ఏం జరిగినా నాదే బాధ్యత అని సంతకం చేయించుకుంటారు.

అంటే ట్రాక్ మీద ఉన్నంతసేపూ మీ కారుకు ఇన్సూరెన్స్ కంపెనీ మీ బ్యాంకు ఖాతానే. అది ఖాళీ చేసి కారు కొని, ఆ కారుతో ట్రాక్ మీదకు వెళ్తానంటున్నారు! గోడకు తగలక్కర్లేదు, గట్టిగా నాలుగు సెషన్లు తిప్పితే బ్రేక్ ప్యాడ్లు అరుగుతాయి, బ్రేక్ ఆయిల్ మరిగిపోయి పెడల్ మెత్తబడుతుంది, టైర్ల అంచులు తినేస్తాయి. పదమూడేళ్ల కారులో గేర్‌బాక్సో టర్బోనో అక్కడే చేతులెత్తేసిందనుకోండి, భీమవరం 500 కిలోమీటర్ల పైమాట, ఫ్లాట్‌బెడ్ మీద రావాలి. సోమవారం పొద్దున డ్యూటీకి ఏ కారులో వెళ్తారు? మళ్లీ కంపెనీ బస్సే. ఆటకూ ఉద్యోగానికీ ఒకే బండి అన్న ఆలోచన ఇక్కడే తెగిపోతుంది.

మామూలు రోడ్డు మీద ప్రమాదమైనా పూర్తి డబ్బు వస్తుందనుకోకండి. ఇంత పాత కారుకు జీరో డిప్రిసియేషన్ (భాగాల అరుగుదల కింద కోత పెట్టని కవర్) దొరకడం కష్టం. అది లేకపోతే ప్లాస్టిక్, రబ్బరు భాగాలకు సగమే ఇస్తారు, పదేళ్లు దాటిన బండికి లోహపు భాగాలకూ సగమే. కొన్న ధర పాత కారుదే అయినా బంపర్ ధర మాత్రం కొత్తదే కదా. మిగతా సగం మళ్లీ ఎమర్జెన్సీ ఫండ్ నుంచే. నేను ఎటు తిరిగినా అక్కడికే వస్తున్నానని విసుగొస్తుందేమో, ఏం చేయను, మీ ప్లాన్‌లో ఎటు తిరిగినా ఆ గొయ్యే ఉంది.

రెండేళ్లకు అదే రేటుకు అమ్మొచ్చని చెప్పింది ఎవరు, బ్రోకరేనా? బెంగళూరు బండికి అక్కడి ఎన్వోసీ తెచ్చుకుని ఇక్కడ లైఫ్ ట్యాక్స్ మళ్లీ కట్టాలి, ఆ డబ్బు కొనేవాడు మీకు తిరిగివ్వడు. ఆర్సీ గడువు దగ్గరపడిన, ట్రాక్ మీద తిప్పిన, రెండు డోర్ల కారుకు భీమవరంలో ఎంతమంది వస్తారో మీరే చెప్పండి. కాలువ గట్టు రోడ్డు మీద స్పీడ్ బ్రేకర్ స్పీడ్ బ్రేకర్‌కూ అడుగు గీసుకుంటుంది, రొయ్యల లారీల నుంచి కారే ఉప్పు నీళ్లు వేరే. మీ పాప సీటు ఎక్కడ బిగిస్తారో కూడా ఒకసారి కొలుచుకోండి.

మరి ఏం చేయాలి. ఎఫ్‌డీ ముట్టుకోవద్దు, ఆ తక్కువైన 32 వేలు ముందు రెండు నెలల మిగులులోంచి వేసేయండి. టర్మ్ పాలసీ ఉందో లేదో మీరు రాయలేదు, లేకపోతే ఈ వారమే కోటిన్నరకు తీసుకోండి, 2025 సెప్టెంబరు 22 నుంచి వ్యక్తిగత లైఫ్, హెల్త్ పాలసీల మీద జీఎస్టీ కూడా లేదు. కంపెనీ ఇచ్చిన గ్రూప్ హెల్త్ పాలసీ ఉద్యోగంతోపాటే పోతుంది, ఇంటికి సొంతంగా ఒకటి ఉండాలి. ఈ ప్రీమియాలు పోగా నెలకు 15 వేలు కారు పేరుతో ఆర్డీలో వేస్తే రెండేళ్లకు 3.6 లక్షలు, పైన వడ్డీ. చీటీ పూర్తిగా కట్టి తీసుకుంటే ఆ డబ్బూ తోడవుతుంది. తొందరపడి పాడకండి.

అప్పుడు కూడా పెద్ద పేరున్న కూపే వద్దు. పోలో జీటీ టీఎస్ఐ, ఐ20 ఎన్ లైన్, బలేనో ఆర్ఎస్, వీటిలో ఏదైనా రోజూ తిరగడానికీ, అప్పుడప్పుడు సరదాకీ చాలు. పోలోలో పాత 1.2 ఇంజిన్ ఆటోమేటిక్ గేర్‌బాక్స్ పేరున్న తలనొప్పి, 2020 తర్వాతి 1.0 చూసుకోండి. మన చుట్టుపక్కల కొంటే ఇంకో జాగ్రత్త, 2024 సెప్టెంబరులో బుడమేరు ముంపులో విజయవాడలో బోలెడు కార్లు మునిగాయి, కడిగి పాలిష్ పెడితే బయటికి ఏమీ కనపడదు. సీటు బెల్టును చివరిదాకా లాగి చూడండి, మునిగిన కారైతే లోపల చుట్టుకుని ఉండే భాగం మీద బురద చార ఉంటుంది. ఆ భాగాన్ని కడగాలని సాధారణంగా ఎవరికీ తోచదు. సీటు కింద పట్టాల తుప్పు కూడా టార్చి వేసి చూడండి. కొన్న 14 రోజుల్లో పాలసీ మీ పేరు మీదకు మార్చుకోవాలి, పాత ఓనర్ నో క్లెయిమ్ బోనస్ మీకు రాదు.

ట్రాక్ కోరిక అప్పటిదాకా ఆపుకోలేకపోతే ఆ సర్క్యూట్లలోనే రేసింగ్ శిక్షణ ఇచ్చే స్కూళ్లు ఉన్నాయి, కారూ హెల్మెట్టూ వాళ్లవే. ఫీజు కట్టి ఏడాదికోసారి వెళ్లండి, రైల్లో వెళ్లి రైల్లో రండి. వాళ్ల కారుకు దెబ్బ తగిలితే ఎవరు ఎంత కట్టాలో మాత్రం సంతకానికి ముందే అడగండి.

టోకెన్ విషయం. బ్రోకర్‌కు ఈ రోజే ఫోన్ చేసి వద్దని చెప్పండి, వాట్సాప్‌లో కూడా రాసి పెట్టండి. తిరిగిస్తే మంచిదే. ఇవ్వనంటే 25 వేలు వదిలేయండి, అది మీరు తీసుకోబోయిన అప్పుల రెండు నెలల వడ్డీ కంటే తక్కువే. ఆ 25 వేలు పోతాయన్న బాధతో 16 లక్షలు కట్టడానికి వెళ్లకండి. నోటు రాయడానికి తెలిసినవాళ్లకు మాట ఇచ్చి ఉంటే వాళ్లకూ ఇవాళే చెప్పేయండి, వాళ్లు ఆ డబ్బు ఎక్కడ నుంచో తీసి ఉంచుతారు, తర్వాత మొహమాటం మొదలవుతుంది.