సొంత పని పెట్టబోతున్న మేనల్లుడికి

పర్లాకిమిడి

చిరంజీవి మేనల్లుడికి మామయ్య ఆశీస్సులు.

బరంపురంలో ఉద్యోగం మానేసి మోటారు వైండింగ్ షాపు పెట్టుకుంటానని, అంత ధైర్యం నాకుందా అని నువ్వు రాసిన ఉత్తరం అందింది. ధైర్యం మొదటి ఏడాదికి పనికొస్తుంది. ఆ తరవాత ఇరవై ఏళ్లు షాపు నడిపేది మనిషి స్వభావమే. అందుకే గిరాకీ ఒక్కటే చూడక, ఆ పనిలో రోజూ ఉండే చిరాకును నువ్వు భరించగలవో లేదో చూసుకోమంటాను.

నాట్ల వేళ వాన మొహం చాటేసి, వోల్టేజి పడిపోయి మోటారు కాలితే, రైతు దాన్ని పొద్దున్నే తెచ్చి సాయంత్రానికల్లా కావాలంటాడు. నువ్వు కాలిన తీగ ఊడదీసి, చుట్లు లెక్కపెట్టి, గాడుల్లో కాగితం పెట్టి, కొత్త రాగి తీగ చుట్టి, వార్నిష్ పట్టించేదాకా ఆ రైతు బల్ల మీంచి కదలడు. వార్నిష్ ఆరకుండా ఇచ్చేస్తే అది మళ్లీ కాలి నీ దగ్గరికే వస్తుంది కనుక, "రేపు రండి" అని మొహం మీద చెప్పగలగాలి. చేతి నేర్పు, ఓపిక నీకు పుష్కలంగా ఉన్నాయి. కాదనడం మాత్రం చిన్నప్పటి నుంచీ రాదు.

బాకీల దగ్గర ఇది మరీ బయటపడుతుంది. ధాన్యం మండీలో అమ్మాక ఇస్తామంటారు, ఆ తరవాత అటువైపు రారు. మన ఒడిశాలో గిరాకీ రెండు భాషల్లోనూ వస్తుంది కానీ, తెలుగులో మొహమాటపడేవాడు ఒడియాలోనూ పడతాడు! మనస్తత్వ శాస్త్రంలో స్వభావాన్ని ఐదు ప్రధాన లక్షణాలుగా కొలుస్తారు. వాటిలో పద్ధతిగా పని చేసే గుణం ఒకటి, ఎదుటివారితో సర్దుకుపోయే గుణం మరొకటి. నీకు రెండూ ఎక్కువే. స్వభావాన్ని మార్చుకోవాలని కూర్చోకుండా, సగం డబ్బు ముందే తీసుకునే కట్టుబాటు పెట్టు, లేదా గల్లాపెట్టె కోడలికి అప్పగించు. లెక్క దగ్గర ఆ అమ్మాయి ఎవరికీ లొంగదు.

పెట్టుబడికి, చిన్న వ్యాపారాలకు ప్రభుత్వం పెట్టిన ముద్రా పథకంలో 50,000 రూపాయల వరకు ఇచ్చే శిశు రుణంతో మొదలుపెడితే చాలు, దానికి తాకట్టు అక్కర్లేదు. ఉద్యోగంలోలా పీఎఫ్ ఉండదు కాబట్టి 15 ఏళ్ల పీపీఎఫ్ పొదుపు ఖాతా తెరువు. ఏడాదికి 500 నుంచి 1.5 లక్షల వరకు వీలున్నప్పుడే కట్టుకోవచ్చు, మన రాబడికి అది సరిపోతుంది.

రాజీనామా ఇవ్వకముందు, డిసెంబరులో ఒక వారం సెలవు పెట్టి నా షాపుకు రా. వైండింగ్ పని కుర్రాళ్లు చూసుకుంటారు. నువ్వు పుస్తకం పట్టుకుని పాత బాకీలు అడగాలి.

మీ మామయ్య