కాలు ఆగుతలేదు సార్

ప్రశ్న ఇది: "మా స్కూల్ పూర్వ విద్యార్థుల సంఘం ఈ సీజన్‌లో క్రికెట్ టీమ్‌కి ఏదైనా చేద్దామనుకుంటోంది. లక్ష లోపు డబ్బు ఉంది. టోర్నమెంట్ పెట్టాలా, జెర్సీలు కొనాలా, కోచ్‌ని పెట్టాలా?"

ముందు షూస్ కొనండి. మిగతావన్నీ తర్వాత చూసుకోవచ్చు.

నేను సికింద్రాబాద్ వైపు ఒక పాత స్కూల్లో 2000లో టెన్త్ పాసయ్యాను. ఎనిమిది నుంచి పది దాకా టీమ్‌లో ఆడాను. మూడేళ్లుగా మా సంఘానికి కోశాధికారిని, అందుకే ఏ రూపాయి ఎటు పోతోందో నాకు బాగా తెలుసు. సంఘం పెట్టినప్పటి నుంచి డబ్బంతా ఎక్కువగా స్టేజీ మీదికే పోయింది. షామియానా, సౌండ్ సిస్టమ్, బిర్యానీ, శాలువాలు, మెమెంటోలు. క్రికెట్ పేరుతో మేం చేసిందల్లా ఏడాదికోసారి కొండాపూర్ వైపు బాక్స్ క్రికెట్ టర్ఫ్ ఒకటి అద్దెకు తీసుకుని మాలో మేం ఆడుకోవడం, దానికి ఒక కప్పు. స్కూల్ పిల్లలని ఆ రోజు బాల్ అందించడానికి కూడా పిలవలేదు.

2024 డిసెంబర్‌లో మా పిల్లలు ఇంటర్ స్కూల్ క్వార్టర్ ఫైనల్ దాకా వచ్చారు. చాలా ఏళ్ల తర్వాత అంతదూరం రావడం అదే. పీఈటీ సార్ ఫోన్ చేసి "ఎవరైనా సీనియర్లు వస్తే పిల్లలకి ధైర్యంగా ఉంటుంది" అన్నారు, ఆఫీసుకు సెలవు పెట్టి వెళ్లాను. 40 ఓవర్ల మ్యాచ్, పొద్దున తొమ్మిదికి మొదలు. గ్రౌండ్ ఇంకా మంచుకు తడిగానే ఉంది. టాస్ ఓడిపోయాం, ఫీల్డింగ్ వచ్చింది.

మా టీమ్‌లో మొదటి ఓవర్ వేసేది తొమ్మిదో తరగతి పిల్లాడు. ఎడమ చేతి వాటం, మంచి వేగం, బాల్ లోపలికి తెస్తాడు. వాళ్ల నాన్న వారాసిగూడలో ఆటో నడుపుతాడు. ఆ రోజు ఆయనే నలుగురు పిల్లల్నీ కిట్ బ్యాగునీ ఆటోలో వేసుకొచ్చి, ఆ పూట బేరాలు వదులుకుని బౌండరీ బయట నిలబడ్డాడు.

మొదటి ఓవర్లో మూడు వైడ్లు. రెండో ఓవర్లో రెండు, ఆపైన ఒక ఫుల్‌టాస్, అది ఫోర్. పీఈటీ సార్ "లైన్ చూస్కోరా" అని అరుస్తున్నారు. నేనూ అరిచాను, "ఆఫ్ స్టంప్ మీద వెయ్యి, ఏం కాదు" అని. మూడో ఓవర్లో ఇంకో నాలుగు వైడ్లు. కెప్టెన్ వాడిని ఆపేసి ఫైన్ లెగ్‌కి పంపాడు, అంటే సరిగ్గా నా ముందుకే. "ఏమైందిరా, టెన్షన్ పడుతున్నావా?" అని అడిగాను.

"టెన్షన్ లేదు సార్. కాలు ఆగుతలేదు" అన్నాడు, కాలు ఎత్తి చూపించాడు. మామూలు తెల్ల కాన్వాస్ షూ. అడుగు భాగం పలకలా నున్నగా అయిపోయింది, బొటనవేలి దగ్గర గమ్ పెట్టి అతికించి ఉంది, దానికి తడి గడ్డి అంటుకుని ఉంది. పరిగెత్తుకొచ్చి ముందు కాలు క్రీజులో బలంగా వేసేసరికి అది జారిపోతోంది. కాలు నిలవకపోతే భుజం పడిపోతుంది, బాల్ ఎటు పోతుందో బౌలర్ చేతిలో ఉండదు. మేమిద్దరం బయట నిలబడి లైన్ గురించి అరుస్తున్నాం, వాడికేమో నిలబడడానికే పట్టు దొరకడం లేదు.

ఆ ఇన్నింగ్స్‌లో మొత్తం 19 వైడ్లు ఇచ్చాం. వాళ్లు 168 కొట్టారు. మేం 157కి ఆలౌట్. తేడా పదకొండు.

మ్యాచ్ అయ్యాక వాళ్ల నాన్న నా దగ్గరికి వచ్చి, "మావోడు మంచిగనే ఏస్తడు సార్, ఇయ్యాల ఏమైందో ఏమో" అన్నాడు. పిల్లాడు పక్కనే ఉన్నాడు. షూ మాట ఎత్తలేదు. తల వంచుకుని కిట్ బ్యాగ్ జిప్ వేస్తూ ఉండిపోయాడు. నాకు చెప్పినవాడు నాన్న ముందు ఎందుకు చెప్పలేదో అర్థమై నేనూ మాట్లాడలేకపోయాను. ఆ ముందు రోజే మా బ్యాచ్ సిల్వర్ జూబ్లీకి 120 మెమెంటోలు ఆర్డర్ ఇచ్చి అడ్వాన్స్ కట్టాను. ఒక్కోటి 450, మొత్తం 54,000 రూపాయలు. ఆ లెక్క ఆ రోజు నుంచి నన్ను వదల్లేదు.

పిల్లలకి స్పైక్స్ (నేలని పట్టుకునేలా అడుగున ముళ్లున్న షూస్) లేకపోవడానికి డబ్బు ఒక్కటే కారణం కాదు, మ్యాట్ కూడా కారణం. మా స్కూల్లో ప్రాక్టీస్ అంతా మ్యాట్ మీదే. గట్టి నేల మీద కొబ్బరిపీచు మ్యాట్ పరిచి, నాలుగు పక్కలా లాగి మేకులు కొడతాం. ఇనుప స్పైక్స్ వేసుకుని దాని మీద పరిగెత్తితే నెల తిరక్కుండా చిరిగిపోతుంది కాబట్టి స్కూల్లో వాటిని వేసుకోనివ్వరు. మ్యాట్ మీద బాల్ ఎత్తుగా, నమ్మకంగా లేస్తుంది, స్పిన్ బాగా పట్టుకుంటుంది. దానికి అలవాటు పడినవాడు నాకౌట్‌లో మొదటిసారి టర్ఫ్ వికెట్ (మ్యాట్ లేని మట్టి పిచ్, బాక్స్ క్రికెట్ టర్ఫ్ కాదు) మీదికి వెళ్తే బ్యాటింగ్‌లో వెనక్కి జరిగి నిలబడతాడు, బాల్ కిందగా వచ్చి ప్యాడ్‌కి తగులుతుంది. ఆ రోజు మావాళ్లు ముగ్గురు అలాగే ఎల్బీ అయ్యారు, అంటే వికెట్లకి అడ్డంగా కాలికి బాల్ తగిలి ఔటయ్యారు. అలాగని మ్యాట్‌ని తిట్టేవాళ్లతో నేను ఒప్పుకోను. మన హైదరాబాద్ బ్యాటర్లు జయసింహ, అజారుద్దీన్, లక్ష్మణ్‌ల మణికట్టు ఆట గురించి దేశమంతా చెప్పుకుంటుంది కదా, ఎత్తుగా లేచే బాల్‌ని చివరి క్షణంలో మణికట్టుతో తిప్పడం ఈ ఊరి మ్యాట్ వికెట్ల మీదే పుట్టిందని నా గట్టి నమ్మకం. మ్యాట్ ఉండాలి. దాంతో పాటు సీజన్‌కి ముందు కనీసం నాలుగు రోజులు ఎక్కడైనా టర్ఫ్ నెట్స్ అద్దెకు తీసుకుని ఆడించాలి.

పిల్లలకి షూస్ కొందామని మా వాట్సాప్ గ్రూప్‌లో పెడితే వెంటనే ఒకాయన, "సిరాజ్ కూడా ఆటో డ్రైవర్ కొడుకే కదా, టాలెంట్ ఉంటే షూస్ ఆపుతాయా?" అని రాశారు. ఈ మాట విన్న ప్రతిసారీ నాకు మండుతుంది. ఇండియా ఫాస్ట్ బౌలర్ సిరాజ్ వాళ్ల నాన్న ఆటో నడిపి కొడుకుని ఆడించారు, 2017 ఐపీఎల్ వేలంలో సిరాజ్‌కి 2.6 కోట్లు వచ్చాయి, అది మనందరికీ గర్వం. టోలీచౌకీ నుంచి ఒక్కడు పైకి వచ్చాడని వారాసిగూడ పిల్లాడు చిరిగిన షూతో బౌలింగ్ వేయాలా? దారిలో ఆగిపోయినవాళ్ల పేర్లు మనకి తెలియవు, ఎందుకంటే వాళ్ల గురించి ఎవరూ రాయరు. మా బ్యాచ్‌లోనే నాకంటే బాగా ఆడినవాళ్లు ఇద్దరున్నారు, ఒకడు ఇంటర్‌లోనే పనికి వెళ్లిపోయాడు.

సీనియర్లు పట్టించుకుంటే ఏమవుతుందో కూడా నాకు తెలుసు. 1999 నవంబర్ 8న లాల్ బహదూర్ స్టేడియంలో న్యూజిలాండ్ మీద సచిన్ 186 నాటౌట్, ద్రవిడ్ 153 కొట్టి 331 పరుగుల భాగస్వామ్యం చేసిన మ్యాచ్‌కి మా టీమ్ మొత్తానికీ టికెట్లు కొనిపెట్టింది మా స్కూల్ సీనియర్ అన్న ఒకాయన. ఆయనే టీమ్‌కి రెండు జతల స్పైక్స్ ఇచ్చారు. పరేడ్ గ్రౌండ్స్‌లో ఒకేసారి నాలుగైదు మ్యాచ్‌లు జరుగుతుంటే, పక్క మ్యాచ్ బాల్ మా పాయింట్ ఫీల్డర్ కాళ్ల దగ్గరికి వచ్చి పడుతుంటే, స్పెల్ అయిపోగానే బౌలర్ షూ విప్పి తర్వాతి బౌలర్‌కి ఇచ్చేవాడు. ఇద్దరివీ వేరే సైజులు. అయినా కాలు ఆగేది.

ఇక మేం చేసింది చెప్తాను. 14 జతల షూస్ కొన్నాం, జత 2,300 చొప్పున 32,200. ఇనుప స్పైక్స్ కొనలేదు, కింద రబ్బరు ముళ్లు ఉన్న రకం తీసుకున్నాం, మ్యాట్‌కి హాని చేయవు, టర్ఫ్ మీదా పట్టు దొరుకుతుంది. పిల్లల కాళ్లు ఏడాదికో సైజు పెరుగుతాయి కాబట్టి ఇవి ఎవరి సొంతమూ కాదు. స్పోర్ట్స్ రూమ్‌లో ఒక బీరువా, ప్రతి జత మీదా మార్కర్‌తో నంబర్, బిగుతైతే తిరిగిచ్చి పెద్దది తీసుకోవాలి. మిగిలిన డబ్బుతో లెదర్ బాల్స్, చిన్న పిల్లలకి సరిపోయే రెండు జతల ప్యాడ్స్, మ్యాచ్ రోజుల్లో పొద్దున ఇడ్లీ, ఆటో ఖర్చులు. జెర్సీలు కొనలేదు, స్పాన్సర్ పేరు వేస్తామంటే జెర్సీలు ఎవరైనా ఇస్తారు.

డబ్బు విషయంలో ఒక జాగ్రత్త. సంఘాన్ని 2001 నాటి సొసైటీల రిజిస్ట్రేషన్ చట్టం కింద రిజిస్టర్ చేయించండి, ఏడుగురు సభ్యులుంటే చాలు. ఎవరో ఒకరి సొంత ఖాతాలో డబ్బు పెట్టుకుంటే రెండో ఏడాదికే గొడవలొస్తాయి. ఇండియన్ పాస్‌పోర్ట్ ఉన్న ఎన్నారై తన సంపాదనలోంచి ఇస్తే ఇబ్బంది లేదు. అమెరికా పౌరసత్వం తీసుకున్న ఫ్రెండ్ ఇస్తే అది విదేశీ విరాళం కిందికి వస్తుంది, ఎఫ్‌సీఆర్‌ఏ (విదేశీ విరాళాల నియంత్రణ చట్టం) రిజిస్ట్రేషన్ గానీ ముందస్తు అనుమతి గానీ లేకుండా తీసుకోకూడదు. మేం అలాంటి ఇద్దరికి వద్దని చెప్పాల్సి వచ్చింది.

ఈ సీజన్‌లో ఐదు మ్యాచ్‌లు ఆడారు, మూడు గెలిచారు. సెమీస్‌కి రాలేదు, నెట్ రన్‌రేట్‌లో పోయింది. ఐదింట్లో ఒక్క మ్యాచ్‌లో కూడా పది వైడ్లు దాటలేదు. ఆ ఎడమ చేతి పిల్లాడు ఇప్పుడు టెన్త్. దసరా తర్వాత టెన్త్ వాళ్లకి ఆటలు లేవని స్కూల్ రూల్, ఆ రూల్ మీద నేను రెండుసార్లు మాట్లాడి ఓడిపోయాను. టెన్త్‌లో రోజుకి గంట ఆడితే మార్కులు పోతాయని చెప్పేవాళ్లు ఒక్క పిల్లాడిని చూపించమనండి. వాడు మాత్రం ఆదివారం ఆరున్నరకి వచ్చి స్పెషల్ క్లాస్ మొదలయ్యేదాకా జూనియర్లకి బౌలింగ్ వేస్తున్నాడు. ఇప్పుడు వాడి షూ సైజు తొమ్మిది. వాడు వదిలిన ఎనిమిదో సైజు జతని ఏడో తరగతి పిల్లాడొకడు ముందు భాగంలో కాస్త దూది పెట్టుకుని వేసుకుంటున్నాడు.

మీరు షూస్ కొనేటప్పుడు ఒక్కటి గుర్తుపెట్టుకోండి. సైజు ఎంత అని పిల్లల్ని అడగొద్దు, కాగితం మీద కాలు పెట్టించి పెన్సిల్‌తో గీసుకోండి. అడిగితే వాళ్లు ఇప్పుడు వేసుకున్న షూ నంబర్ చెప్తారు, అది చాలాసార్లు వాళ్ల అన్నది.