పార్కుల పనే చేస్తానంటున్న బిడ్డకు ఏ కోర్సు? హన్మకొండ తండ్రికి జవాబు

అన్నా, చదివే మిగతా తల్లిదండ్రులకు కూడా అర్థం కావాలి కాబట్టి మీ ప్రశ్న ముందు రెండు ముక్కల్లో చెప్తాను. మీ బిడ్డ బైపీసీ అయిపోయింది, ఎంసెట్‌లో (ఇప్పుడు దాని పేరు ఈఏపీసెట్) ర్యాంకు మధ్యరకంగా వచ్చింది. ఇంట్లో అందరూ బీఫార్మసీ అంటుంటే ఆమె మాత్రం పార్కులు, ఆటస్థలాలు ప్లాన్ చేసి నడిపించే పని చేస్తానని పట్టుబట్టింది. రోజూ భద్రకాళి బండ్ (చెరువు కట్ట) మీద వాకింగ్‌కు పోయి పోయి ఈ ఆలోచన పట్టుకుందని, "ఇంత చదివి తోటపని చేస్తదా" అని మీ బావమరిది అన్నాడని, మీకు టెన్షన్‌గా ఉందని రాశారు.

నా జవాబు సూటిగా చెప్తాను. బీఎస్సీ ఆనర్స్ హార్టికల్చర్ (తోటల పెంపకం చదువు) మొదటి ఆప్షన్, బీఎస్సీ ఆనర్స్ ఫారెస్ట్రీ (అడవుల పెంపకం చదువు) రెండో ఆప్షన్ పెట్టించండి. ఇష్టం లేని బీఫార్మసీలో బలవంతంగా చేర్చకండి. అయితే ఒక్క విషయం తెలిసి దిగాలి. మన దగ్గర "పార్క్ మేనేజర్" అనే డిగ్రీ లేదు, ఆ పేరుతో ప్రభుత్వంలో ప్రత్యేకంగా కేడర్ కూడా లేదు. పని మాత్రం బోలెడంత ఉంది, కానీ అది నాలుగైదు శాఖల్లో ముక్కలుముక్కలుగా ఉంది.

మన ఊరే చూడండి. భద్రకాళి బండ్‌ను కాకతీయ అర్బన్ డెవలప్‌మెంట్ అథారిటీ, అదే మన కుడా, తీర్చిదిద్దింది. కాలనీ పార్కులు గ్రేటర్ వరంగల్ కార్పొరేషన్ చూసుకోవాలి. హంటర్ రోడ్డు జూ పార్కు అటవీ శాఖది. 2021లో జాతీయ ఓపెన్ అథ్లెటిక్స్ పోటీలు జరిగిన జేఎన్ స్టేడియం క్రీడల వాళ్ల చేతిలో ఉంటుంది, లక్నవరం పోతే అక్కడ టూరిజం వాళ్లు. వీటిలో ఏదో ఒక తలుపులోంచి లోపలికి పోవాలి, పోయాక మిగతా వాళ్ల పని కూడా అర్థం చేసుకున్న మనిషికే విలువ. నేను ఈ జవాబులో మళ్లీ మళ్లీ చెప్పేది అదే.

మీ బావమరిది మాటకు కోపం తెచ్చుకోకండి, కానీ ఈ పని ఏమిటో ఆయనకు ఒకసారి చూపించండి. మీ ఇంటికి దగ్గర్లో ఏదో ఒక పార్కులో పిల్లల ఉయ్యాల కింద నేల చూడమనండి. పిల్లలు కాళ్లతో తన్ని తన్ని అక్కడ గుంత పడి ఉంటుంది, వాన పడితే అందులో నీళ్లు నిలుస్తాయి, రెండు రోజులు ఎవ్వరూ ఉయ్యాల ఎక్కరు, ఎండాకాలంలో అదే నేల సిమెంటులా గట్టిపడి పడిన పిల్లాడికి దెబ్బ తగులుతుంది. ఈ పని తెలిసినవాళ్లు అక్కడ నిలబడి చాలా లెక్కలు వేస్తారు: కింద ఇసుక పోయాలా, రబ్బరు మ్యాట్ వేయాలా, నీళ్లు ఎటు పోవాలి, ఉయ్యాల ముందుకూ వెనక్కూ ఎంత దూరం ఖాళీ ఉంచాలి, పక్కనే సిమెంటు బెంచీ ఎందుకు పెట్టారు. అమెరికాలో వినియోగదారుల భద్రతా కమిషన్ ఆటస్థలాలకు ఇచ్చిన మార్గదర్శకాల్లో ఆట పరికరం చుట్టూ కనీసం 6 అడుగులు మెత్తటి నేల ఉండాలని రాసి ఉంది. మన దగ్గర చాలాచోట్ల పరికరం కొనడంతో ఆగిపోతున్నారు, కింద నేల సంగతి పట్టించుకునే మనిషి ఉండడు. ఆ మనిషి మీ బిడ్డ కావచ్చు.

మొక్కల సంగతి ఇంకా పెద్దది. కోనోకార్పస్ గుర్తుందా, డివైడర్ల మీద, గేట్ల పక్కన పచ్చగా దట్టంగా పెరిగేది? త్వరగా పెరుగుతుంది, పశువులు ముట్టవు, అందుకని ఊరూరా నాటారు. తర్వాత వేర్లు డ్రైనేజీ పైపుల్లోకి పోతున్నాయని, పుప్పొడితో అలర్జీలు వస్తున్నాయని ఫిర్యాదులు వచ్చి గుజరాత్ ప్రభుత్వం 2023లో దాన్ని నాటకుండా నిషేధించింది. నాటేముందు ఏ చెట్టు ఎక్కడ, పదేళ్ల తర్వాత దాని వేరు ఎక్కడి దాకా పోతుంది అని ఆలోచించే చదువే హార్టికల్చర్, ఫారెస్ట్రీ.

ఇక డబ్బులు, చట్టం. తెలంగాణ మున్సిపాలిటీల చట్టం, 2019 ప్రకారం ప్రతి మున్సిపాలిటీ బడ్జెట్‌లో 10 శాతం పచ్చదనానికి, అంటే గ్రీన్ బడ్జెట్‌కు పెట్టాలి, నాటిన మొక్కల్లో 85 శాతం బతకాలన్న లెక్క కూడా అందులో ఉంది. కేంద్రం 2015లో పట్టణాల్లో సౌకర్యాల కోసం అమృత్ పథకం మొదలుపెట్టినప్పుడు నిధుల్లో 2.5 శాతం వరకు పార్కులకు కేటాయించింది, వరంగల్ కూడా ఆ జాబితాలో ఉండేది. అంటే డబ్బు వచ్చే దారి ఉంది. పార్కు స్థలాన్ని కాపాడుకునే దారి కూడా ఉంది: బెంగళూరులో పార్కు కోసం ఉంచిన జాగాను ఒక ప్రైవేటు నర్సింగ్ హోమ్‌కు ఇస్తే కాలనీవాళ్లు కోర్టుకెక్కారు, సుప్రీంకోర్టు 1991లో ఆ కేటాయింపు చెల్లదని తీర్పిచ్చింది. ముద్దప్ప కేసు అంటారు, ఈ రంగంలోకి వచ్చే ప్రతి ఒక్కరూ చదవాల్సిన తీర్పు అది. 2023 జూలై వరదల్లో హన్మకొండ కాలనీలు ఎలా మునిగాయో మీరు కళ్లారా చూసినవాళ్లు, వాన నీళ్లు ఇంకడానికి ఖాళీ జాగా వదలడం ఎంత ముఖ్యమో మీకు నేను చెప్పక్కర్లేదు.

సరే, కోర్సుల విషయం. హార్టికల్చర్‌కు మన రాష్ట్రంలో శ్రీ కొండా లక్ష్మణ్ ఉద్యాన విశ్వవిద్యాలయం ఉంది, ప్రధాన కార్యాలయం ములుగులో. ఆ ములుగు మన ములుగు జిల్లా కాదు అన్నా, సిద్దిపేట జిల్లాలోది, చాలామంది ఇక్కడే పొరపడుతున్నారు. రాజేంద్రనగర్‌లో, వనపర్తి జిల్లా మోజర్లలో కాలేజీలు ఉన్నాయి. నాలుగేళ్ల కోర్సు. ఫారెస్ట్రీ కాలేజీ కూడా ఆ సిద్దిపేట ములుగులోనే. హార్టికల్చర్‌కు ర్యాంకు ఎంసెట్‌దే అయినా కౌన్సెలింగ్ ఇంజినీరింగ్, ఫార్మసీ కౌన్సెలింగ్‌తో కలిపి జరగదు, జయశంకర్ వ్యవసాయ విశ్వవిద్యాలయం విడిగా నోటిఫికేషన్ ఇస్తుంది, అది మిస్ అయితే ఏడాది పోతుంది. రైతు కోటా కింద 40 శాతం సీట్లు ఉంటాయి. మీకు ఊళ్లో భూమి ఉండి, బిడ్డ కొన్నేళ్లు పల్లెలో చదివి ఉంటే ఈ ఏడాది ప్రాస్పెక్టస్‌లో ఆ షరతులు ఒక్కో లైన్ చదవండి. మధ్యరకం ర్యాంకుకు అదే సీటు తెచ్చిపెట్టొచ్చు.

మీ ఇంట్లో గానీ పక్కింట్లో గానీ ఎంపీసీ పిల్లలు ఇదే అడిగితే వాళ్ల దారి వేరు. హైదరాబాద్ జేఎన్ఏఎఫ్ఏయూలో (ఆర్కిటెక్చర్, ఫైన్ ఆర్ట్స్ యూనివర్సిటీ) బీటెక్ ప్లానింగ్ ఉంది, విజయవాడ స్పాలో (స్కూల్ ఆఫ్ ప్లానింగ్ అండ్ ఆర్కిటెక్చర్) బీప్లాన్‌కు, అంటే పట్టణ ప్రణాళిక డిగ్రీకి, జేఈఈ మెయిన్ పేపర్ 2బీ రాయాలి, బీఆర్క్ చేసి తర్వాత ల్యాండ్‌స్కేప్ ఆర్కిటెక్చర్‌లో పీజీ చేయొచ్చు. వీటికి లెక్కలు తప్పనిసరి కాబట్టి మీ బిడ్డకు ఆ తలుపు ఇప్పుడు మూసి ఉంది, దాని గురించి బాధపడి టైమ్ వేస్ట్ చేయొద్దు. స్టేడియాలు, ఈత కొలనులు నడిపే వైపు పోవాలనుకునేవాళ్లు ఏదైనా డిగ్రీ తర్వాత పీఈసెట్ రాసి బీపీఈడీ (వ్యాయామ విద్య కోర్సు), లేదంటే స్పోర్ట్స్ మేనేజ్‌మెంట్ చూసుకోవచ్చు. పదో తరగతి పిల్లలుంటే పాలిసెట్ రాసి రామగిరి ఖిల్లా దగ్గర హార్టికల్చర్ పాలిటెక్నిక్‌లో చేరొచ్చు, మన ఉత్తర తెలంగాణ పిల్లలకు దగ్గర.

ఉద్యోగాల గురించి మీకు తియ్యగా చెప్పను. టీఎస్‌పీఎస్సీ 2022 డిసెంబర్‌లో హార్టికల్చర్ ఆఫీసర్ నోటిఫికేషన్ ఇస్తే మొత్తం 22 పోస్టులే, అవి కూడా ఎక్కువగా రైతుల తోటలకు సంబంధించిన పని. ఒక్క సర్కారు నౌకరీ మీదే ఆశ పెట్టుకుని నాలుగేళ్లు, ఆ తర్వాత ఇంకో నాలుగేళ్లు హైదరాబాద్ అశోక్‌నగర్‌లో కోచింగ్ అంటే నేను ఒప్పుకోను. ఫారెస్ట్ రేంజ్ ఆఫీసర్, బ్యాంకుల్లో అగ్రికల్చర్ ఆఫీసర్ పరీక్షలు కూడా రాయొచ్చు. దాంతోపాటు బయట చూడాలి: హైదరాబాద్‌లో గేటెడ్ కమ్యూనిటీలు, ఆసుపత్రులు, కంపెనీల క్యాంపస్‌లు, ఎయిర్‌పోర్టు, రామగుండం ఎన్టీపీసీ, సింగరేణి టౌన్‌షిప్‌లు, పార్కుల మెయింటెనెన్స్ టెండర్లు తీసుకునే ఏజెన్సీలు. మొదట్లో జీతం తక్కువే ఉంటుంది, దాచి లాభం లేదు. రెండు మూడేళ్లు సైటు మీద నిలబడి మొక్కల గ్యాప్ ఫిల్లింగ్ (చచ్చిన మొక్కల చోట కొత్తవి నాటడం), నీళ్ల షెడ్యూల్, కూలీల హాజరు, ఎస్టిమేట్, ఎంబీ రికార్డింగ్ (చేసిన పని కొలతలు మెజర్‌మెంట్ బుక్‌లో రాయడం) అన్నీ చేసి చూపించగలిగితే జీతం మారుతుంది. మొక్క తెలిసినవాళ్లకు ఎస్టిమేట్ రాదు, ఎస్టిమేట్ వేసే ఇంజినీరుకు మొక్క తెలియదు. మీ బిడ్డ ఆ రెండింటి మధ్యలో నిలబడాలి. బీఎస్సీ తర్వాత ఫ్లోరికల్చర్ అండ్ ల్యాండ్‌స్కేపింగ్‌లో ఎంఎస్సీ ఉంది, విదేశాలకు పోవాలనిపిస్తే అమెరికాలో పార్క్స్ అండ్ రిక్రియేషన్ పేరుతోనే డిగ్రీలు, ఊరూరా ఆ పేరుతో శాఖలు ఉన్నాయి, హార్టికల్చర్ డిగ్రీ అక్కడికి అడ్డం కాదు. ఆ ఖర్చు గురించి ఇప్పుడు ఆలోచించకండి.

ఇక బిడ్డా, ఇది నీకు. కౌన్సెలింగ్ మొదలయ్యేలోపు ఒక పార్కు ఎంచుకో. భద్రకాళి బండ్ వద్దు, మీ కాలనీలో ఎవ్వరూ పట్టించుకోని చిన్న పార్కు తీసుకో. పొద్దున ఐదున్నరకు, మిట్టమధ్యాహ్నం, బడి వదిలాక, చీకటి పడ్డాక వెళ్లు, చీకటి పడ్డాక మాత్రం నాన్ననో అమ్మనో తీసుకుని. ఎవరు వస్తున్నారు, ఎవరు రావట్లేదు రాయి. ఆడవాళ్లు ఎన్ని గంటలకు లేచి వెళ్లిపోతున్నారు, ఆ మూల లైటు వెలుగుతోందా, టాయిలెట్‌కు తాళం ఉందా, వీల్‌చైర్ లోపలికి పోతుందా చూడు. ర్యాంపు ఉంటే టేపుతో కొలువు. ఒక అడుగు ఎత్తుకు కనీసం 12 అడుగుల పొడవు ఉండాలి, అంతకంటే నిటారుగా ఉంటే ముసలివాళ్లు ఎక్కలేరు. అక్కడ పనిచేసే మాలి అన్న దగ్గర కూర్చుని బోరు ఎప్పుడు ఆగుతుంది, ఏ మొక్క ఎండాకాలం బతకలేదు అని అడుగు, నీకు నాలుగేళ్లలో ఏ లెక్చరరూ చెప్పని సంగతులు ఆయన చెప్తాడు. పనిలో పనిగా, మ్యాపులు గీసే సాఫ్ట్‌వేర్ క్యూజీఐఎస్ ఫ్రీగా దొరుకుతుంది, కంప్యూటర్‌లో పెట్టుకుని ఆ పార్కు మ్యాప్ గీయడం నేర్చుకో, ఎక్సెల్ ఎలాగూ రావాలి.

ఇవన్నీ చేశాక కూడా నీకు ఆ పార్కు మీద విసుగు రాకపోతే ఈ దారి నీదే. ఎండ, మట్టి, కూలీలతో మాటామంతీ, కార్పొరేటర్ల ఫోన్లు నచ్చకపోతే అదీ ఇప్పుడే తెలుస్తుంది, అప్పుడు ఇంకో కోర్సు మాట్లాడుకుందాం, అందులో సిగ్గుపడాల్సిందేమీ లేదు.

అన్నా, మీరు చేయాల్సింది కాగితాల పని. స్టడీ సర్టిఫికెట్లు, కులం, ఆదాయం సర్టిఫికెట్లు, భూమి ఉంటే పాస్‌బుక్ జిరాక్స్ ఇప్పుడే తీసి పెట్టండి, మీసేవ చుట్టూ చివరి రోజు తిరగొద్దు. అమ్మాయి ర్యాంకు, కేటగిరీ, ఆరు నుంచి ఇంటర్ దాకా ఏ ఊళ్లో చదివిందో రాసి పంపండి, ఏ కాలేజీ ముందు పెట్టాలో, రైతు కోటాలో వేయాలో వద్దో చూసి వరుస చెప్తాను.