జీతంలేని టెస్టింగ్ పని: అమ్మాయిని మానిపించాలా?

ప్రశ్న: మాది బెంగళూరు, రామమూర్తినగర్. టూవీలర్ మెకానిక్ షెడ్ నడుపుతాను. మా అమ్మాయి బీసీఏ చివరి సంవత్సరం. నాలుగు నెలలుగా ఉత్తరాలు, లెక్కల పట్టికలు రాసుకునే లిబ్రేఆఫీస్ అనే సాఫ్ట్‌వేర్‌లో తప్పులు వెతికే పని వాలంటీర్‌గా చేస్తోంది. రాత్రి 12 దాటినా లేవదు. పైసా రాదు, సర్టిఫికెట్ కూడా ఇవ్వరట. మా తోడల్లుడి కొడుకు మారతహళ్లిలో 45 వేలు కట్టి టెస్టింగ్ కోర్సు చేశాడు, ఉద్యోగం వచ్చింది. ఈ నెల 10లోగా మేమూ కట్టేద్దామంటే తను వద్దంటోంది. పోయిన వారం వైఫై తీయించేశాను. రెంటిలో ఏది మంచిదో చెప్పండి.

జవాబు: ముందు వైఫై మళ్లీ పెట్టించండి. మిగతాది తర్వాత మాట్లాడుకుందాం.

ఇలాంటి ఉత్తరాలు నాకు కొత్త కాదు. కోర్సు పేరు మారుతుంటుంది గానీ తోడల్లుడి కొడుకు మాత్రం ప్రతి ఉత్తరంలోనూ ఉంటాడు. రేపు ఏ పెళ్లిలోనో "అమ్మాయి ఏం చేస్తోంది?" అంటే చెప్పుకోవడానికి ఒక కంపెనీ పేరు కావాలి, అదే కదా మీ దిగులు? అందులో తప్పేమీ లేదు. కానీ ఆ దిగులు తీర్చుకోవడానికి పిల్ల నెట్ కోయడం మాత్రం బాగాలేదండీ. చెడు తిరుగుళ్లు తిరిగే పిల్లకు వేసే శిక్ష అది.

మీ షెడ్‌కు రోజూ వచ్చేవాళ్లను గుర్తు తెచ్చుకోండి. ఒకాయన "బండి బాగాలేదు, చూడు" అని తాళం పడేసి పోతాడు. ఇంకొకాయన "పొద్దున చల్లగా ఉన్నప్పుడు బానే ఉంటుంది, ఓ పది కిలోమీటర్లు పోయాక మూడో గేరులో మాత్రం గుంజుతుంది" అంటాడు. ఎవరి బండి తొందరగా బాగవుతుంది? మీ అమ్మాయి ఆ రెండో మనిషిలా మాట్లాడటం నేర్చుకుంటోంది.

తను మీ ఉత్తరంతో పాటు పంపిన రిపోర్టు ఒకటి చూశాను. (మీకు తెలియకుండా జత చేసింది, తిట్టకండి.) ఎవరో, ఏ దేశమో, టేబుల్ ఉన్న ఫైలును వర్డ్ ఫార్మాట్‌లో సేవ్ చేసి మళ్లీ తెరిస్తే గీతలు పోతున్నాయని రాశారు. లిబ్రేఆఫీస్‌లో అలాంటి ఫిర్యాదు రాగానే దాని మీద "ఇంకా నిర్ధారణ కాలేదు" అనే ముద్ర ఉంటుంది. రాసినవాళ్లే దాన్ని తీసేయకూడదు, మరొకరు తమ కంప్యూటర్‌లో అదే తప్పు రప్పించి చూపాలి. మీ అమ్మాయి రప్పించింది. అంతటితో ఊరుకోలేదు. పాత వెర్షన్ దించి చూసింది, అందులో గీతలు ఉన్నాయి. అంటే మొదట్నుంచీ ఉన్న లోపం కాదు, మధ్యలో ఏదో మార్పు చెడగొట్టింది. దీన్నే రిగ్రెషన్ అంటారు. ఆ మధ్యలో వెయ్యి మార్పులున్నా, ప్రతిసారీ మధ్యలోది పరీక్షించి సగానికి సగం కొట్టేసుకుంటూ పోతే పదిసార్లలో దోషి దొరుకుతుంది. ఆ పద్ధతి ఇప్పుడిప్పుడే నేర్చుకుంటోందట. అడుగు అడుగుకూ నంబరు వేసి, ఏం చేస్తే ఏమైంది, ఏం కావాలి అని రాసింది. ఇంగ్లీషు కూడా శుభ్రంగా ఉంది.

ఎవరో డబ్బు చేసుకోవడానికి మా పిల్ల ఊరికే చాకిరీ చేస్తోందా అని మీకు ఉంటుంది. లిబ్రేఆఫీస్ 2010లో ఓపెన్ఆఫీస్ అనే అలాంటి సాఫ్ట్‌వేర్ నుంచే విడిపోయి పుట్టింది. ది డాక్యుమెంట్ ఫౌండేషన్ అనే లాభాపేక్ష లేని సంస్థ దాన్ని నడుపుతుంది, ఎవరైనా ఉచితంగా వాడుకోవచ్చు. దాని మీద సపోర్టు అమ్ముకునే కంపెనీలూ ఉన్నాయి, అది దాచను. కానీ అక్కడ పెట్టిన ప్రతి రిపోర్టూ తేదీతో సహా అందరికీ కనబడుతుంది. సర్టిఫికెట్ లేదంటారు. ఇంటర్వ్యూ చేసేవాడు తన ఫోన్‌లోనే తెరిచి చూసుకోగలిగింది ఇంకేం కావాలి?

ఇంకో మాట. తెలుగు వచ్చిన టెస్టర్ విలువ మనకే తెలియదు. 2018 ఫిబ్రవరిలో "జ్ఞా" అక్షరాన్ని మధ్యలో కనిపించని ఒక కోడ్‌తో కలిపి పంపితే ఐఫోన్‌లో యాప్‌లు కుప్పకూలాయి. ఐఓఎస్ 11.2.6 అనే అప్‌డేట్ వస్తే గానీ సర్దుకోలేదు. వత్తులు, గుణింతాలు ఎక్కడ విరుగుతాయో మీ అమ్మాయికి చూడగానే తెలుస్తుంది. ఆ కన్ను అందరికీ ఉండదు.

ఇక నా అనుమానాలు. "ఓపెన్ సోర్స్ కాంట్రిబ్యూటర్" (అంటే లిబ్రేఆఫీస్‌లా కోడ్ అందరికీ తెరిచి పెట్టిన సాఫ్ట్‌వేర్‌కు చేయి వేసినవాళ్లు) అని రెజ్యూమెలో రాసుకోవడం ఇప్పుడు పెద్ద ఫ్యాషన్. నా దగ్గరికొచ్చే పిల్లల్లో చాలామంది చేసింది ఎక్కడో ఒక స్పెల్లింగ్ దిద్దడం. ఓపెన్ సోర్స్‌కు సాయం చేసినవాళ్లకు బహుమతులిచ్చే హ్యాక్టోబర్‌ఫెస్ట్ అని ఏటా అక్టోబరులో జరుగుతుంది. 2020లో అందులో టీషర్టు కోసం పనికిరాని మార్పులు ఎంతగా వచ్చిపడ్డాయంటే, పాల్గొంటామని ఒప్పుకున్న ప్రాజెక్టులనే లెక్కలోకి తీసుకునేలా నడిమధ్యలో నిబంధనలు మార్చాల్సి వచ్చింది. అలాంటి లైను చూసి ఎవరూ ఉద్యోగం ఇవ్వరు. మీ అమ్మాయిదీ ఇంకో ఏడాది ఇలాగే బటన్లు నొక్కి చూడటం దగ్గరే ఆగిపోతే నేను మెచ్చుకోను. చేత్తో మాత్రమే టెస్ట్ చేసే ఫ్రెషర్‌కు ఈ ఊళ్లో తలుపులు బాగా ఇరుకయ్యాయి. కోడ్ రాసే పైథాన్, డేటాబేస్‌లో వెతికే ఎస్‌క్యూఎల్ రావాలి, తను రోజూ చేసే చెక్కుల్లో నాలుగైనా కంప్యూటరే నడిపేలా స్క్రిప్టుగా రాయగలగాలి. రాత్రి 12 వరకూ కూర్చోవడం మాత్రం మాన్పించండి. వారానికి ఎనిమిది గంటలు చాలు, అదీ పరీక్షలప్పుడు వద్దు.

కోర్సు సంగతి. సెలీనియం, అంటే వెబ్‌సైట్లను మనిషి బదులు కోడ్‌తో నొక్కి పరీక్షించే పనిముట్టు, నేర్పుతారు, తప్పేం లేదు. అందరికీ అదే డెమో షాపింగ్ సైటు, అదే లాగిన్ పేజీ. నాకు భయమల్లా చివరి నెలలో కొన్నిచోట్ల జరిగే తంతు గురించి. చేయని ఉద్యోగానికి రెండేళ్ల అనుభవం అని రెజ్యూమెలో రాయిస్తారు. బ్యాక్‌గ్రౌండ్ వెరిఫికేషన్‌లో పట్టుబడి, చేరిన మూడో నెలలో ఇంటికొచ్చిన పిల్లల్ని నా ఎదురుగా కూర్చోబెట్టుకుని ఓదార్చాను. మీ తోడల్లుడి కొడుకు అలా చేశాడని అనను, అడిగి చూడండి. అలాగే, ఓపెన్ సోర్స్ ఇంటర్న్‌షిప్ ఇప్పిస్తామని ఎవరైనా డబ్బు అడిగితే ఆ ఫోన్ పెట్టేయండి.

మీరు అడిగిన పోలిక ఇంకా పూర్తిగా చెప్పలేదని తెలుసు. తనకు కోడింగ్ సొంతంగా కుదరకపోతే అప్పుడు కోర్సు గురించి ఆలోచిద్దాం, ఇప్పుడు కాదు. పిల్ల దారిలోనే ఉందండీ. నాలుగు నెలలు ఎవరూ అదిలించకుండా, జీతం లేకుండా ఒక పని పట్టుకుని కూర్చుంది. మీ షెడ్‌లో అలాంటి కుర్రాడు దొరికితే వదులుతారా?

10వ తేదీ లోపు ఫీజు కట్టకండి. ఉచిత డెమో క్లాసు ఉంటుంది కదా, దానికి తననే పంపండి. తిరిగొచ్చాక అక్కడి డెమో సైటులో ఎన్ని తప్పులు దొరికాయో తనే చెబుతుంది. ఆదివారం షెడ్ మూసిన పూట పక్కన కూర్చుని ఒక రిపోర్టు చదివించుకుని వినండి. మూడో గేరులో గుంజే బండి మీకు తెలియనిది కాదు, సగానికి పైగా మీకే అర్థమవుతుంది.