దత్తమండలాలు: ఎవరు ఇచ్చారు, ఎందుకిచ్చారు?

సందేహం: సినిమా వసూళ్ల వార్తల్లో ‘నైజాం, సీడెడ్, ఆంధ్ర’ అని రాస్తుంటారు. రాయలసీమను సీడెడ్ అని ఎందుకంటారు? విత్తనాలకూ దీనికీ ఏమైనా సంబంధం ఉందా? చరిత్ర పాఠంలో వచ్చే ‘దత్తమండలాలు’ అంటే దత్తత తీసుకున్న మండలాలనా?

సమాధానం: విత్తనాలతో సంబంధం లేదు. ఇంగ్లీషులో ఒకేలా పలికే రెండు వేరు మాటలు (ceded, seeded) తెలుగు లిపిలోకి వచ్చేసరికి ఒకటే అయిపోయాయి. ఇక్కడి సీడెడ్‌కు ‘ఒప్పందం రాసుకుని ఇంకొకరికి వదిలేసిన’ అని అర్థం. దానికి మనవాళ్లు చేసుకున్న అనువాదమే దత్తమండలాలు. ‘దా’ ధాతువుకు ఇవ్వడం అని అర్థం కాబట్టి దత్తం అంటే ఇచ్చినది. దాత, దానం, దత్తత కూడా ఆ ధాతువు నుంచి వచ్చినవే. కానీ ఇక్కడ ఎవరూ ఎవరినీ దత్తత తీసుకోలేదు.

వ్యాకరణం ప్రకారం ఈ అనువాదంలో తప్పు లేదు. అయినా ఈ మాట విన్నప్పుడల్లా నాకు మనసు ఒప్పదు. దత్తం అనగానే ఎవరో ఇష్టపడి ధారపోసినట్టు వినిపిస్తుంది. జరిగింది అది కాదు.

1798లో రెండో నిజాం నిజాం అలీఖాన్ ఈస్టిండియా కంపెనీతో ఒప్పందం చేసుకున్నాడు. అప్పుడు గవర్నర్ జనరల్ వెల్లస్లీ. కంపెనీ సైన్యం హైదరాబాదులో ఉంటుంది, జీతాల ఖర్చు మాత్రం నిజాందే. ఫ్రెంచి అధికారుల కింద ఉన్న తన సొంత పటాలాలను ఆయన రద్దు చేసుకోవాల్సి వచ్చింది. 1800లో ఇంకో ఒప్పందం జరిగింది. దాని ప్రకారం కంపెనీకి తెలియకుండా వేరే రాజ్యంతో సంప్రదింపులు జరపకూడదు. సైన్యం ఖర్చు కింద, మైసూరు యుద్ధాల తర్వాత తన వాటాకు వచ్చిన బళ్లారి, అనంతపురం, కడప ప్రాంతాలనూ కర్నూలులో కొంత భాగాన్నీ శాశ్వతంగా రాసిచ్చాడు. కాపలాకు వచ్చినవాడికి జీతం కింద పొలం రాసివ్వడం లాంటిది ఇది. పైగా ఆ కాపలావాడిని వద్దనే హక్కు యజమానికి లేదు. సామ్రాజ్యవాదం అంటే కోటలు పడగొట్టి జెండా ఎగరేయడమే అనుకునేవారు ఈ లెక్కను ఒకసారి చూడాలి. నిజాం గద్దె మీదే ఉన్నాడు, దర్బారు నడిచింది, పెత్తనం మాత్రం చేతులు మారింది.

ఈ ఏర్పాటుకు పాఠ్యపుస్తకాల్లో ఉన్న పేరు ‘సైన్య సహకార పద్ధతి’. సహకారం అంటే కలిసి పనిచేయడం. ఇందులో కలిసి చేసిన పని ఏముంది? ‘దత్తం’, ‘సహకారం’ రెండూ మంచి మాటలే. అందుకే వాటి వెనక ఉన్న ఒత్తిడి పిల్లలకు కనిపించడం లేదు. ఉపాధ్యాయులు ఈ పాఠం చెప్పేటప్పుడు ‘సైన్యం వాళ్లది, ఖర్చు మనది’ అని ఒక్క ముక్క కలిపితే చాలు, వెంటనే అర్థమవుతుంది.

దత్తమండలాలు అన్న పేరు ఆ ప్రాంత ప్రజలకు కూడా నచ్చలేదు. 1928లో నంద్యాలలో జరిగిన సభలో చిలుకూరి నారాయణరావు గారు ‘రాయలసీమ’ అనే పేరు సూచించారు, సభ దాన్ని ఒప్పుకుంది. ఆయన పుట్టింది శ్రీకాకుళం వైపు, పాఠాలు చెప్పింది అనంతపురం కాలేజీలో. ఇచ్చినవాడి గుర్తూ పుచ్చుకున్నవాడి గుర్తూ పోయి, విజయనగర రాయలు ఏలిన నేల అన్న గుర్తు ఆ పేరులో నిలిచింది. మన భాషలో జరిగిన గొప్ప నామకరణాల్లో దీన్ని నేను ముందు చెబుతాను.

ఇక వాడుక సంగతి. 1800 నుంచి 1928 దాకా జరిగిన చరిత్ర రాసేటప్పుడు దత్తమండలాలు అనే రాయండి, అది ఆ కాలం పేరు. అయితే ఆ మాటకు నేటి రాయలసీమ అంతా అని అర్థం చెప్పకండి. బళ్లారి ఇప్పుడు కర్ణాటకలో ఉంది. చిత్తూరు వైపు చాలా భాగం నిజాం ఇచ్చింది కాదు, 1801లో ఆర్కాటు నవాబు నుంచి కంపెనీకి పోయింది. సినిమా వ్యాపారంలో సీడెడ్ అనేది పంపిణీ ఏరియా పేరుగా స్థిరపడింది, వాళ్ల లెక్కల్లో ఉంటే ఉండనివ్వండి. వార్త రాసేవాళ్లు మాత్రం ‘సీడెడ్ ప్రజలు’, ‘సీడెడ్ యాస’ అని రాయకూడదు. అక్కడ రాయలసీమ అనే రాయాలి.